మెడికల్ ఎక్విప్‌మెంట్ అప్రెంటిస్ ఇంజనీర్ ఇంటర్వ్యూ: డిప్లొమా వాళ్లను ఏం అడుగుతారు?

పాలకొల్లు_ఈసీఈ

ఈ ఏడాదే ఈసీఈ డిప్లొమా అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక డీలర్ కంపెనీ నుంచి అప్రెంటిస్ ఫీల్డ్ సర్వీస్ ఇంజనీర్ పోస్టుకి కాల్ వచ్చింది. పేషెంట్ మానిటర్లు, వెంటిలేటర్లు, డీఫిబ్రిలేటర్లు (గుండెకు షాక్ ఇచ్చే మెషీన్లు), సిరంజి పంపులు అమ్మి సర్వీస్ చేస్తారట. వచ్చే గురువారం ఇంటర్వ్యూ. మెయిల్లో ఉన్నది ఇంతే: రాత పరీక్ష, టెక్నికల్, హెచ్‌ఆర్. ఒరిజినల్ సర్టిఫికెట్లు, డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకోమన్నారు.

మా కాలేజీలో వెంటిలేటర్ సంగతి అలా ఉంచండి, ఈసీజీ మెషీన్ కూడా లేదు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు దూరం నుంచి చూడటమే. బయోమెడికల్ చదివినవాళ్లు కూడా వస్తారు కదా, వాళ్ల ముందు నాకు ఛాన్స్ ఉంటుందా? ఒక వీడియోలో ఐసీ నంబర్లు బట్టీ పట్టమంటున్నారు, ఇంకో వీడియోలో అనాటమీ చదవమంటున్నారు. ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వరంగల్_వెంకట్

అనాటమీ పక్కన పెట్టు తమ్ముడూ. నాది కూడా ఈసీఈనే, ఇట్లాంటి అప్రెంటిస్ పోస్టుతోనే మొదలుపెట్టిన, ఇప్పుడు సీటీ స్కాన్ల మీద ఉన్న. రాత పరీక్షలో వచ్చేది ఓమ్స్ లా, ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్, ఎస్‌ఎంపీఎస్ (మెషీన్ లోపలి పవర్ సప్లై) బ్లాక్ డయాగ్రామ్, ఆప్ ఆంప్, లాజిక్ గేట్లు, కొంచెం ఆప్టిట్యూడ్. టెక్నికల్‌లో నా చేతికి మల్టీమీటర్ ఇచ్చి ఫ్యూజ్ బాగుందో లేదో చూడమన్నరు, తర్వాత గోడ సాకెట్‌లో వోల్టేజ్ చూపించమన్నరు. నాకంటే ముందు వెళ్లిన బీటెక్ అబ్బాయి ఎర్ర వైరు 10 ఆంపియర్ల జాక్‌లోనే ఉంచి సాకెట్‌లో పెట్టబోయిండట. సార్ చెయ్యి పట్టుకొని ఆపిండు. ఆ ఇంటర్వ్యూ అక్కడే అయిపోయింది.

కొత్త_బ్యాచ్

10 ఆంపియర్ల జాక్‌లో ఉంటే ఏమవుతుంది?

వరంగల్_వెంకట్

కరెంట్ రేంజిలో మీటర్ లోపల రెసిస్టెన్స్ దాదాపు ఉండదు. 230 వోల్టుల మీద అది పెట్టడం అంటే ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ నేరుగా కలిపినట్టే. మీటర్ ఫ్యూజ్ మంచిదైతే అది పోతది, చవక మీటరైతే చేతిలోనే పేలుతది.

సర్వీస్_సీతారామ్

వెంకట్ చెప్పింది కరెక్టే. కాకపోతే మీటర్ పట్టుకోవడం వస్తే చాలనుకోకు. దాదాపు ప్రతి ప్యానెల్‌లో అడిగే ప్రశ్న ఒకటుంది: "ఐసీయూలో మానిటర్ ఆన్ కావట్లేదని రాత్రి ఫోన్ వచ్చింది. ఏం చేస్తావు?"

చాలామంది "వెళ్లి విప్పి పవర్ సప్లై బోర్డు చెక్ చేస్తాను సార్" అంటారు. మార్కులు పోయేది అక్కడే.

నోట్లోంచి మొదటి మాట పేషెంట్ గురించి రావాలి. ఆ మానిటర్ మీద పేషెంట్ ఉన్నారా? ఉంటే ముందు స్టాండ్‌బై మానిటర్ పెట్టమని సిస్టర్‌కి చెప్పాలి. ఆ తర్వాత ఫోన్‌లోనే అడగాల్సినవి చాలా ఉంటాయి. ముందు వైపు ఏసీ ల్యాంప్ వెలుగుతోందా, అదే సాకెట్‌లో ఇంకో మెషీన్ పెడితే పనిచేస్తోందా, పవర్ కార్డ్ మార్చి చూశారా. ఐసీయూలో మంచాలు రోజూ అటూ ఇటూ జరుపుతారు. మంచం చక్రం కార్డ్ మీద ఎక్కి దిగుతుంది. మానిటర్ వెనకాల ప్లగ్ కాస్త బయటికి జరుగుతుంది. చూడటానికి పెట్టినట్టే కనిపిస్తుంది, కాంటాక్ట్ మాత్రం ఉండదు. అప్పటి నుంచి మానిటర్ బ్యాటరీ మీద నడుస్తుంది, బ్యాటరీ అయిపోయాక ఆగిపోతుంది. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి అది ఉన్నట్టుండి ఆగిపోయినట్టే. నువ్వు అడగాల్సింది అడక్కుండా రాత్రి బస్సెక్కి 150 కిలోమీటర్లు వెళ్లి ప్లగ్ నొక్కి వస్తే, అప్పటిదాకా ఒక బెడ్‌కి మానిటర్ లేనట్టే కదా.

ఇవన్నీ అయ్యాక ఫ్యూజ్. పోతే అదే రేటింగ్ వేయాలి. మళ్లీ పోతే కారణం వెతకాలి. "ఇంకొంచెం పెద్దది వేస్తాను" అన్నావంటే ఇంటికి పంపిస్తారు. మూత విప్పడం, ఎస్‌ఎంపీఎస్ ఔట్‌పుట్ కొలవడం, బోర్డు మార్చడం అన్నిటికన్నా చివర. ఏ మెషీన్ గురించి అడిగినా ఇదే వరసలో చెప్పు: పేషెంట్, కరెంటు, కేబుళ్లూ యాక్సెసరీలూ, సెట్టింగులు, ఆ తర్వాతే లోపల. వెంటిలేటర్ ఎప్పుడూ ముట్టుకోకపోయినా ఈ వరస పట్టుకుని సగం ప్రశ్నలకు జవాబు చెప్పగలవు.

ఓహ్మ్_ఓబులేసు

సీతారామ్ గారూ, వరస ముఖ్యమే, ఒప్పుకుంటాను. కానీ పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేవాణ్ణిగా ఒక మాట అనాలి. "ఫీల్డ్ జాబ్‌కి థియరీ అక్కర్లేదు" అనే మాట పిల్లల్లో బాగా పాకిపోయింది. పల్స్ ఆక్సీమీటర్ ఎలా పనిచేస్తుందని అడిగితే "వేలికి పెడితే చూపిస్తుంది సార్" అంటారు. 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒకదాన్ని ఎక్కువగా, లేనిది రెండోదాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ నిష్పత్తి నుంచి శాతం లెక్కకడతారు. ఇది అర్థమైతే గోళ్ల రంగు ఉంటే రీడింగ్ ఎందుకు తేడా వస్తుందో, చేతులు చల్లబడితే సిగ్నల్ ఎందుకు రాదో, ఆపరేషన్ లైటు నేరుగా పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు, నీకే తడుతుంది. థియరీ లేనివాడు సెన్సర్ మార్చుకుంటూ పోతాడు.

సర్వీస్_సీతారామ్

మాస్టారూ, థియరీ వద్దని నేను ఎక్కడా అనలేదు. అప్రెంటిస్‌కి ముందు ఏది చూస్తారో అది చెప్పానంతే. గోళ్ల రంగు మాట మాత్రం రాసి పెట్టుకోవాల్సిందే, చాలా చోట్ల అడుగుతారు.

మెడ్‌టెక్_మూర్తి

నేను ప్యానెల్‌లో కూర్చుంటాను కాబట్టి ఇద్దరి మాటా కలుపుతాను. ఈసీఈ, ట్రిపుల్ఈ, బయోమెడికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ అందరూ వస్తారు. బయోమెడికల్ వాళ్లకు మెషీన్ల పేర్లు, ఆసుపత్రి భాష తెలుసు. ఈసీఈ వాళ్లకు సర్క్యూట్ మీద పట్టు ఉంటుంది. అప్రెంటిస్‌గా తీసుకునేటప్పుడు మాకు ఇద్దరూ ఒకటే, ఎలాగూ నేర్పాలి.

నేను ఎక్కువగా అడిగేది ఈసీజీ. "గీత మీద సన్నటి అలలు ఆగకుండా వస్తున్నాయి. ఎందుకు?" 50 హెర్ట్జ్ కరెంటు గోల అని గుర్తుపడితే సగం మార్కులు. ఎండిపోయిన ఎలక్ట్రోడ్ జెల్, ఊడిన లీడ్, కుడికాలి లీడ్, ఎర్తింగ్, పక్కన మంచం మోటారు అని ఒక్కొక్కటీ చెబితే మిగతా సగం. ఫిల్టర్ ఆన్ చేస్తే పోతుంది కదా అని అక్కడితో ఆపేవాళ్లకు తక్కువ వేస్తాను. ఆ అలలు ఏదో తేడా ఉందని చెబుతున్నాయి, ఫిల్టర్ వాటిని కనిపించకుండా చేస్తుంది. కాగితం వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఎత్తు మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు, ఇది అందరికీ తెలిసుండాలి.

ఇంకోటి. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, మాన్యువల్ చూసి చెప్తాను" అంటే నేను మార్కులు తీసేయను. ఊహించి చెప్పే అబ్బాయి రేపు వెంటిలేటర్ దగ్గర కూడా ఊహించే పనిచేస్తాడు. ఆ భయం నాకుంటుంది.

బయోమెడ్_భార్గవి

నేను ఆసుపత్రి వైపు, బయోమెడికల్ డిపార్ట్‌మెంట్. మూర్తి గారి చివరి మాట చాలా నిజం. నాకు కావాల్సిన ప్రశ్న ఇంతవరకూ ఎవరూ రాయలేదు: లీకేజ్ కరెంట్, అంటే మెషీన్ నుంచి దాని బాడీకో పేషెంట్‌కో లీకయ్యే కరెంటు.

మెషీన్ బాడీ మీద చిన్న షాక్ కొడితే ఇంట్లో అయితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. స్పృహలో లేని పేషెంట్ లాక్కోలేరు. గుండె దాకా కాథెటర్ వెళ్లి ఉంటే చర్మం అడ్డు కూడా ఉండదు, చాలా చిన్న కరెంటు కూడా గుండె లయ చెడగొట్టగలదు. అందుకే వైద్య పరికరాల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ఐఈసీ 60601 ప్రమాణంలో గుండెకు నేరుగా తగిలే సీఎఫ్ రకం భాగాలకు మామూలు పరిస్థితిలో పేషెంట్ లీకేజ్ 10 మైక్రో ఆంపియర్లు దాటకూడదు. గుండెకు నేరుగా తగలని బీ, బీఎఫ్ రకాలకు 100. మెషీన్ మీద మనిషి బొమ్మ, గుండె బొమ్మ ఉండే చిన్న గుర్తులు అవే. ఇంటర్వ్యూలో ఈ గుర్తు చూపించి ఏంటని అడిగిన ప్యానెళ్లు నాకు తెలుసు.

రిపేర్ అయ్యాక ఏం చేస్తావని అడిగితే "ఆన్ చేసి చూస్తాను" దగ్గర ఆగకు. ఎలక్ట్రికల్ సేఫ్టీ టెస్ట్, సిమ్యులేటర్ పెట్టి రీడింగులు, అలారాలు మోగుతున్నాయో లేదో, వెంటిలేటర్ అయితే పూర్తి సెల్ఫ్ టెస్ట్. తుడిచి, సర్వీస్ రిపోర్ట్ రాసి, మా సంతకం తీసుకుని అప్పుడు వార్డుకి.

కొత్త_బ్యాచ్

తుడవడం కూడా ఇంజనీరే చేయాలా?

బయోమెడ్_భార్గవి

చేయాలి. ఒక ఐసీయూ నుంచి ఇంకో ఐసీయూకి నువ్వే ఇన్ఫెక్షన్ మోసుకెళ్తే? మెషీన్ ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక చేతులు కడగాలి. హెపటైటిస్ బీ టీకా వేయించుకున్నావా అని హెచ్‌ఆర్ అడుగుతారు. 0, 1, 6 నెలలకు మూడు డోసులు. ఇప్పుడే మొదలుపెట్టుకో, ఉద్యోగం వచ్చినా రాకపోయినా మంచిదే.

ఐసీయూ_సిస్టర్

నేను ఇంజనీర్‌ని కాను, ఇక్కడ చదువుతూ ఉంటాను. వచ్చే ఇంజనీర్లకు మా వైపు నుంచి ఒక్క మాట. అలారం సైలెంట్ చేస్తే మాకు చెప్పి చేయండి, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేశారో లేదో మాతో కలిసి చూడండి. అలారం పరిధులు మార్చి అలాగే వదిలి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. పేషెంట్ సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతున్నా మెషీన్ నోరు మూసుకుని ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇంటర్వ్యూ చేసే సార్లు ఈ ప్రశ్న అడిగితే బాగుంటుంది.

మెడ్‌టెక్_మూర్తి

సిస్టర్ గారూ, వచ్చే బ్యాచ్ నుంచి అడుగుతాను. థాంక్స్.

అనంతపురం_అఫ్జల్

అందరూ మెషీన్ గురించే చెబుతున్నారు. జీతం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నేను ఒక కంపెనీలో అప్రెంటిస్ చేశాను, పేరెందుకులెండి. సొంత బండి, పెట్రోల్ బిల్లు రెండు నెలలు ఆలస్యం, అనంతపురం నుంచి ఆదోని, మదనపల్లె, ఎటు పంపితే అటు. ఏడాది అయ్యాక "ఖాళీలు లేవు" అని సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. నా జాగాలో మళ్లీ ఇంకో అప్రెంటిస్. తమ్ముడూ, వెళ్లు, కాదనను. కానీ కళ్లు తెరుచుకుని వెళ్లు.

ఓహ్మ్_ఓబులేసు

అఫ్జల్ చెప్పేది మా పాత విద్యార్థుల దగ్గర కూడా విన్నాను. చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని వెళ్లాలి. 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం కింద అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడు కాదు. పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. 2014 సవరణ ప్రకారం అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకోవడంపై కంపెనీ తన విధానం తానే పెట్టుకోవాలి. కాబట్టి "మీ పాలసీ ఏంటండీ" అని అడగడం తప్పు కాదు. శిక్షణలో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత మాత్రం యజమానిదే, 16వ సెక్షన్.

స్టైపెండ్ విషయానికి వస్తే, 2019లో నిబంధనలు సవరించినప్పుడు కనీసం గ్రాడ్యుయేట్‌కి నెలకు 9,000, డిప్లొమాకి 8,000గా పెట్టారు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లో కాంట్రాక్ట్ రిజిస్టర్ అయితే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. మన రెండు రాష్ట్రాలకూ నాట్స్ వ్యవహారం చూసేది చెన్నైలోని బోట్ (బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్) సదరన్ రీజియన్ ఆఫీసు. ఏడాది పూర్తయ్యాక వచ్చే సర్టిఫికెట్ అక్కడిదైతేనే విలువ. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చే కాగితం వేరు.

అనంతపురం_అఫ్జల్

మాస్టారూ, నాది లెటర్‌హెడ్ కాగితమే. ఈ ముక్క అప్పుడు ఎవరూ చెప్పలేదు.

డయాలసిస్_దుర్గ

అమ్మాయిలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రాస్తున్నా. నేను ఫీల్డ్‌లోనే ఉన్నాను, ఉద్దానం వైపు డయాలసిస్ సెంటర్లు నావి. సోంపేట, పలాస, కవిటి అటంతా తిరుగుతా. ఇంటర్వ్యూలో నన్ను అడిగారు: "రాత్రిపూట కాల్ వస్తే వెళ్లగలరా? పెళ్లయ్యాక చేస్తారా?" మొదటిదానికి "సెంటర్ వాళ్లు ఉంటే వెళ్తాను, బస, రవాణా కంపెనీ చూడాలి, ఇది మగవాళ్లకైనా ఉండాల్సిందే కదా సార్" అన్నాను. రెండోదానికి "ఈ ప్రశ్న బయట కూర్చున్న అబ్బాయిల్ని కూడా అడుగుతున్నారా సార్?" అన్నాను. ఒకాయన నవ్వి తల ఊపారు. తీసుకున్నారు.

పని సంగతి. సీతారామ్ గారి వరస డయాలసిస్‌లో రోజూ కనిపిస్తుంది. కండక్టివిటీ అలారం అని ఫోన్ వస్తుంది. డయాలిసేట్ (డయాలసిస్‌లో వాడే ద్రావణం) కండక్టివిటీ సెంటీమీటరుకు సుమారు 14 మిల్లీ సీమెన్స్ ఉండాలి, స్క్రీన్ మీద 12 చూపిస్తోందంటారు. బోర్డు పోయిందని వాళ్ల అనుమానం. నేను మొదట అడిగేది బైకార్బ్ (బైకార్బొనేట్ ద్రావణం) క్యాన్‌లో పీల్చే గొట్టం అడుగు దాకా ఉందా అని. సగం క్యాన్ ఖాళీ అయ్యేసరికి గొట్టం కొస పైకి తేలి గాలి పీలుస్తుంటుంది. పారదర్శకమైన ట్యూబులో చిన్న చిన్న బుడగలు వరసగా పోతూ కనిపిస్తాయి. ఫోన్ పట్టుకునే టెక్నీషియన్‌ని బుడగలు చూడమంటా. గొట్టం కిందికి నెట్టాక కాసేపటికి నంబర్ మెల్లగా పైకి వస్తుంది. అక్కడ ఒక్కో మెషీన్ ఆగిందంటే ఎవరో ఒకరు ఆ రోజు డయాలసిస్ లేకుండా ఊరెళ్లిపోవాలి. అందుకే నాకు ఫోన్‌లో ప్రశ్నలు అడగడం అంత పెద్ద విషయం.

వరంగల్_వెంకట్

దుర్గక్కా, ఆ రెండో జవాబు నేను మా చెల్లెకు పంపిస్తున్న.

కొత్త_బ్యాచ్

ఏఎంసీ, సీఎంసీ (మెషీన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టులు) తేడా అడిగితే ఏం చెప్పాలి?

సర్వీస్_సీతారామ్

ఏఎంసీలో మన పని, పీఎం విజిట్లు ఉంటాయి, విడిభాగాల డబ్బు ఆసుపత్రిదే. సీఎంసీలో విడిభాగాలు కూడా మనవే. వారంటీ అయ్యాకే ఈ రెండూ. పీఎం అంటే చెడకముందే వెళ్లి చూడటం, బ్రేక్‌డౌన్ అంటే చెడ్డాక వెళ్లడం. ఇంతకంటే అప్రెంటిస్‌ని అడగరు.

మెడ్‌టెక్_మూర్తి

అప్‌టైమ్ కూడా కలుపుకో. కాంట్రాక్ట్‌లో 95 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదికి ఎన్ని రోజులు మెషీన్ ఆగొచ్చు అని రాత పరీక్షలో ఇస్తాం. 365లో 5 శాతం, 18 రోజుల పైన. 98 శాతం అయితే 7 రోజుల పైన కొంచెం. లెక్క చిన్నదే, కానీ సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఆ తేడా ఎంతో ఆలోచించినవాడు బాగా మాట్లాడతాడు.

పాలకొల్లు_ఈసీఈ

ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. భార్గవి మేడమ్, టీకా మొదటి డోసు ఇవాళ వేయించుకున్నాను. సీతారామ్ గారూ, మా ఊరి ఆసుపత్రిలో తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నారు. ఆయన చూపించగా మానిటర్ వెనకాల ప్లగ్, ఫ్యూజ్ హోల్డర్, ఎర్త్ పోస్ట్ అన్నీ దగ్గర్నుంచి చూశాను. ఫ్యూజ్ మీద రేటింగ్ ఎక్కడ రాసుంటుందో అప్పుడే తెలిసింది. గుండె బొమ్మ గుర్తు కూడా కనిపించింది!

ఓహ్మ్_ఓబులేసు

శభాష్. వెళ్లేముందు కెపాసిటర్ ఎనర్జీ ఫార్ములా ఒకసారి చూసుకో. డీఫిబ్రిలేటర్ కంపెనీ అంటున్నావు కదా.

పాలకొల్లు_ఈసీఈ

ఇంటర్వ్యూ అయింది. వేరేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

రాత పరీక్ష గంట. బ్రిడ్జ్ రెక్టిఫైయర్‌లో ఒక డయోడ్ ఓపెన్ అయితే ఔట్‌పుట్ ఎలా ఉంటుందో గీయమన్నారు, హాఫ్ వేవ్ గీశాను. ఆప్ ఆంప్ గెయిన్, లాజిక్ గేట్లు, అప్‌టైమ్ లెక్క (మూర్తి గారూ!) వచ్చాయి. ఓబులేసు మాస్టారి మాట అక్షరాలా నిజమైంది. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని 2,000 వోల్టులకు చార్జ్ చేస్తే ఎనర్జీ ఎంత? 200 జౌళ్లు.

టెక్నికల్‌లో ఆ లెక్కనే పట్టుకుని "ఈ 200 జౌళ్లు లోపల ఉండగా డీఫిబ్రిలేటర్ విప్పుతావా?" అన్నారు. ప్లగ్ తీసి, బ్యాటరీ తీసి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో కెపాసిటర్ డిస్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా వచ్చిందని చూసుకున్నాకే అన్నాను. "స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టొచ్చుగా?" అని రెట్టించారు. వద్దన్నాను. ఎనర్జీ సరిగ్గా ఇస్తోందో లేదో ఎలా చూస్తావన్నారు. టెస్టర్ కావాలని తెలుసు, అందులో లోడ్ ఎంతో తెలియదని చెప్పేశాను. 50 ఓములు అని ఆయనే చెప్పారు.

వెంటిలేటర్‌లో ఆక్సిజన్ శాతం తప్పు చూపిస్తోందంటే పేషెంట్‌ని వేరే వెంటిలేటర్ మీదకు మార్చమని మొదలుపెట్టాను. పైప్‌లైన్ ప్రెషర్, గొట్టాలు, తర్వాత క్యాలిబ్రేషన్, చివరికి ఆక్సిజన్ సెల్ అన్నాను. ఆ సెల్ వాడినా వాడకపోయినా కాలంతో అయిపోతుందని వాళ్లే వివరించారు.

ఆఖర్న ఒక సారు డాక్టర్‌లా లేచి నిలబడి అరవడం మొదలుపెట్టారు: "మీ మెషీన్ మూడోసారి పాడైంది, మీకు డబ్బులు కట్టం పో!" నేను "సార్, ముందు పేషెంట్‌కి స్టాండ్‌బై ఏర్పాటు చేద్దాం, పాత రెండు సర్వీస్ రిపోర్టులు తెప్పిస్తాను, మూడుసార్లూ ఒకటే తప్పా వేరువేరా చూసి మా సీనియర్‌తో ఇప్పుడే మాట్లాడిస్తాను" అన్నాను. ఆయన కూర్చున్నారు.

సెలెక్ట్ అయ్యానని సాయంత్రం మెయిల్ వచ్చింది. స్టైపెండ్ 12,000, బండికి కిలోమీటర్ లెక్క, పోస్టింగ్ రాజమండ్రి. ఒక ఇబ్బంది ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏడాది వాళ్ల దగ్గరే ఉంటాయట.

అనంతపురం_అఫ్జల్

కంగ్రాట్స్ తమ్ముడూ! ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకు. నా ఫ్రెండ్‌కి తిరిగి రావడానికి చుక్కలు కనిపించాయి. మధ్యలో ఏ నోటిఫికేషన్ పడినా ఒరిజినల్ చూపించలేవు.

మెడ్‌టెక్_మూర్తి

చాలా బాగా చెప్పావు, ముఖ్యంగా పాత రిపోర్టుల మాట. సర్టిఫికెట్ల విషయంలో అఫ్జల్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. వెరిఫికేషన్‌కి చూపించి, అటెస్టెడ్ కాపీలు ఇస్తానని మెయిల్‌లోనే మర్యాదగా రాయి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. మంచి కంపెనీ ఒప్పుకుంటుంది. నాట్స్ కాంట్రాక్ట్ ఉందా, ఎప్పుడు రిజిస్టర్ చేస్తారు అని అదే మెయిల్‌లో అడుగు.

సర్వీస్_సీతారామ్

ఇంకో ప్రశ్న కూడా ఆ మెయిల్‌లో కలుపు, నా దృష్టిలో స్టైపెండ్ కంటే ముఖ్యమైనది. రాజమండ్రిలో నీ సీనియర్ ఎవరు, మొదటి నెలల్లో ఎవరితో కలిసి తిరుగుతావు? వెంటిలేటర్, డీఫిబ్రిలేటర్ ప్రాణం మీద ఉండే మెషీన్లు. శిక్షణ లేని అప్రెంటిస్‌ని ఒంటరిగా వాటి మీదకు పంపే చోట నువ్వు నేర్చుకునేది ఉండదు, పేషెంట్‌కి ప్రమాదం కూడా. రిపోర్ట్ మీద సంతకం నీది ఉంటుంది, జ్ఞాపకం ఉంచుకో. ఇది అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకు.

బయోమెడ్_భార్గవి

దీనికి వంద లైకులు. ఒంటరిగా వచ్చిన అప్రెంటిస్ పిల్లాడిని మేం వెంటిలేటర్ ముట్టుకోనివ్వం. వాడిని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి సీనియర్‌కి ఫోన్ చేస్తాం.

పాలకొల్లు_ఈసీఈ

మీరు చెప్పినట్టే మెయిల్ పెట్టాను. ఒరిజినల్స్ చూసి అదే రోజు తిరిగి ఇస్తామన్నారు. నాట్స్ కాంట్రాక్ట్ చేరిన నెలలోనే. మొదటి మూడు నెలలు హైదరాబాద్ వర్క్‌షాప్‌లో, తర్వాత రాజమండ్రి సీనియర్‌తో. ఒకటో తారీఖున చేరుతున్నా.

డయాలసిస్_దుర్గ

చాలా సంతోషం తమ్ముడూ. వర్క్‌షాప్‌లో ఉండగానే సర్వీస్ మాన్యువల్‌తో పాటు ఆపరేటర్ మాన్యువల్ కూడా చదువు. సిస్టర్లు అడిగేవి ఎక్కువగా అందులోవే.

శ్రీకాకుళం_శిరీష

ఇదంతా చదివాను, చాలా ఉపయోగపడింది. నాకు సోమవారం విశాఖలో ఇంటర్వ్యూ, మెడ్‌టెక్ జోన్ వైపు. ఎక్స్‌రే మెషీన్ల కంపెనీ. వాళ్లు వేరేగా ఏమైనా అడుగుతారా?

వరంగల్_వెంకట్

ఎక్స్‌రే అయితే నా లైను. కేవీ (ట్యూబ్ వోల్టేజ్), ఎంఏ (ట్యూబ్ కరెంట్), టైమ్ ఒక్కొక్కటీ మారిస్తే ఫిల్మ్ మీద ఏమవుతదో తెలుసుకో. కేవీ పెంచితే కిరణం ఎక్కువ లోపలికి పోతది, ఎంఏఎస్ (ఎంఏని టైమ్‌తో గుణిస్తే వచ్చేది) పెంచితే కిరణాల సంఖ్య పెరుగుతది. ట్యూబ్ బొమ్మ గీయమంటరు: ఫిలమెంట్, టంగ్‌స్టన్ యానోడ్, చుట్టూ ఆయిల్. హైటెన్షన్ కేబుల్ విప్పే ముందు డిస్చార్జ్ చేయాలె, పైన తమ్ముడు చెప్పిన కెపాసిటర్ జవాబు ఇక్కడ కూడా అంతే.

రేడియేషన్ సేఫ్టీ తప్పకుండా అడుగుతరు. మన దేశంలో దీనికి పెద్దదిక్కు అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. రేడియేషన్ పనిచేసేవాళ్లకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటొద్దు. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేది) ఛాతీ దగ్గర పెట్టుకోవాలె, లెడ్ ఏప్రాన్ వేసుకుంటే బ్యాడ్జి దాని లోపల. మూడు నెలలకోసారి రీడింగ్‌కి పంపుతరు. టైమ్, దూరం, అడ్డు: ఈ మూడిటి మీద ప్రశ్న ఉంటది. దూరం రెండింతలైతే డోసు నాలుగో వంతు.

శ్రీకాకుళం_శిరీష

ప్రెగ్నెన్సీ గురించి అడిగితే ఏం చెప్పాలి అక్కా? @డయాలసిస్_దుర్గ

డయాలసిస్_దుర్గ

నీ ప్లాన్లు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. నిబంధన అడిగితే చెప్పు: గర్భిణి అని తెలిసిన వెంటనే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి తెలియజేయాలి, కంపెనీ డ్యూటీ మార్చాలి. నీకు నిబంధన తెలుసని వాళ్లకు అర్థమైతే చాలు, తర్వాత ప్రశ్నకు వెళ్లిపోతారు.

వరంగల్_వెంకట్

గాజువాక వైపు పొద్దున ట్రాఫిక్ ఎక్కువుంటది, ముందే బయల్దేరు. సోమవారం సాయంత్రం వాళ్లు అడిగినవి ఇక్కడ రాసిపెట్టు, ఎక్స్‌రే వైపు వచ్చేవాళ్లకు ఇంతవరకు ఎక్కడా లేదు.